తెలుగు మాటకు మెడలో పలక

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి పలక ఎవరి మెడలో ఉందా అని చూసుకునేవాళ్ళం. తాడు కట్టిన చెక్క పలక. 'నేను తెలుగు మాట్లాడను' అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. నోట తెలుగు మాట జారిందా, మెడలో పడేది. ఇంకొకరు తెలుగు మాట్లాడుతూ దొరికితే గానీ దిగేది కాదు... అందుకే నేస్తాల నోళ్ళకే కాపలా కాసేవాళ్ళం.

తెల్లదొరలు పోయి ఎన్నేళ్ళయినా వాళ్ళ శిక్షను మాత్రం మాదన్నపేటలో మా స్కూలు భద్రంగా దాచుకుంది!

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. సాయంత్రం చాయ్ తాగి కథలు రాసుకునేది. ఆ ఏడు వార్షికోత్సవానికి నాటకం రాసిమ్మని మా హెడ్‌మిస్ అడిగింది. కూరగాయల మార్కెట్లో ఇద్దరు ఆడవాళ్ళ లొల్లి రాసింది చిన్నమ్మ. ఇంట్లో చదివితే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

చిన్నమ్మ రిహార్సల్‌కి వచ్చి చూస్తే ఏముంది... నాటకమంతా ఇంగ్లీషు! ఎవరో సారుతో మార్పించేశారు. రాసినావిడను ఒక్క మాట అడగలేదు.

"గిదేంది మిస్? మార్కెట్ల ఎవరన్నా గిట్ల మాట్లాడ్తరా?"

"పెద్దపెద్దోళ్ళు వస్తరమ్మా. మన భాష స్టేజీ మీద మంచిగుండదు."

ఈ మాట మిస్ చెప్పింది తెలుగులోనే! ఆమె మెడలో పలక ఎవరు వేస్తారు?

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నేను రాసింది చెప్పు బిడ్డా."

"ఏందక్కా, నీ టమాటలకు బంగారం పూత పూసినవా?" అన్నాను. పిల్లలంతా ఘొల్లున నవ్వారు. మిస్ మాత్రం బడి వదిలాక గోడకు తగిలించిన పలక తెచ్చి నా మెడలో వేసింది.

చిన్నమ్మ దాన్ని తీసి తన మెడలో వేసుకుంది. "నా తర్వాత తెలుగు మాట్లాడింది నా బిడ్డ. దాని తర్వాత మళ్ళ నేనే మాట్లాడుతున్న. ఇగ ఇది నాదే గద మిస్."

అలాగే మార్కెట్ మీదుగా ఇంటికి నడిచింది. కూరగాయల దగ్గర ఒకావిడ ఆపి అడిగింది, "మెడల గదేందమ్మా?"

"కథ రాసినందుకు ఇనాం అక్కా!"

నాటకం ఇంగ్లీషులోనే వేశారు. ఆహ్వానం కార్డు మీద ఆ సారు పేరు అచ్చయింది, చిన్నమ్మ పేరు లేదు. చూడటానికొచ్చిన మా అమ్మలు ఒక్కచోట కూడా నవ్వలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిన్నమ్మ ఇంకా రాస్తూనే ఉంది. మొన్న ఒక సభలో ఎవరో అన్నారట, "మీ కథలు ఇంగ్లీషులోకి వస్తే తప్ప మిమ్మల్ని రచయిత్రిగా గుర్తించరు మేడం" అని. స్కూళ్ళలో పలకలు పోయాయనుకుని మనం సంబరపడుతున్నాం...

మీ మెడలోనూ పడిందా? ఏ మాటకు పడిందో ఆ మాటే కింద రాయండి... మన భాషలోనే. చిన్నమ్మకు అన్నీ చదివి వినిపిస్తాను.