అడవి దవాఖానా లైనులో దొంగ

ఖమ్మంలో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, ఒకే ఒక్క వాక్యం టైపు చేసి, ఎక్కడో అడవి అంచునున్న ఒక దవాఖానాకు లోకంతో సంబంధం లేకుండా చేసిన మహానుభావుణ్ణి నేను. ముందే చెబుతున్నాను, ఈ కథలో నన్ను మెచ్చుకునే చోటు ఒక్కటి కూడా లేదు. వెతికి అలసిపోకండి.

కొత్త శతాబ్దం మొదలైన తొలి రోజులవి. హైదరాబాదులో లైనక్స్ అనే కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ సర్టిఫికెట్టును వైరాలో మా ఇంటి గోడకి, దేవుడి పటం పక్కన, దేవుడికన్నా కాస్త ఎత్తులో తగిలించి, ఖమ్మంలో ఒక చిన్న సేవాసంస్థలో ఉద్యోగానికి చేరాను. మా సంస్థ భద్రాచలం దాటాక చర్ల రోడ్డులో ఒక దవాఖానా నడిపేది. అక్కడ డాబా మీద పెద్ద డిష్షు పెట్టి శాటిలైటు నుంచి ఇంటర్నెట్ తెప్పించారు. డాక్టరమ్మ ఎక్స్‌రేలను కంప్యూటర్లోకి ఎక్కించి పంపితే, ఖమ్మంలో ఎముకల డాక్టరు మా ఆఫీసుకు వచ్చి చూసి సలహా చెప్పేవాడు. ఆ లైనుకు కాపలాదారుణ్ణి నేనే. అక్కడ డిష్షుకూ కంప్యూటరుకూ మధ్యనున్న లైనక్స్ పెట్టెలోకి ఖమ్మం నుంచే ప్రవేశించి, నల్ల తెర మీద ఆజ్ఞలు రాసి, దాన్ని ఆడించేవాణ్ణి.

ఒక ముసురు రోజున డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"తమ్మీ, ముత్తయ్య తాత ఇంటి మీద గడ్డి కప్పుతుంటె జారి పడ్డడు. చెయ్యి ఇరిగింది. ఎక్స్‌రే పంపుతున్న గని పోతలేదు. ఈడనే పట్టీ కడితె సరిపోతదో, ఖమ్మం తోలాల్నో డాక్టర్ సారు చూసి చెప్పాలె. నాట్ల కాలం గదా, పొలం ఇడిసి యాడికి రానంటుండు."

"అక్కడ వానా మేడం?"

"అవ్, పొద్దుగాల నుంచి ఒకటే ముసురు."

మబ్బు పడితే శాటిలైటు లైను నత్తనడక నడుస్తుంది. ఊరికే కూర్చుంటే ఎక్స్‌రే మెల్లగా దానంతట అదే వచ్చి చేరేది. ఊరికే కూర్చునేవాడైతే నా బతుకు ఇలా ఎందుకుంటుంది?

లైనులో పోయే ప్రతి సమాచారపు ముక్కనూ, అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఒక్కో వరుసగా చూపించే ఆజ్ఞ ఒకటుంది. పేరు టీసీపీడంప్. అది కొట్టాను. అంతే! తెర మీద అక్షరాలు ధాన్యం బస్తా చిరిగినట్టు జలజలా కారడం మొదలైంది. చూద్దును కదా, ప్రతి వరుసలోనూ ఒకే నంబరు, నెట్‌లో ఒక్కొక్కరికీ ఉండే చిరునామా లాంటిది. దవాఖానా లైను మొత్తాన్నీ బయట ఎవడో ఒకడు పీల్చేస్తున్నాడు!

నా ఒళ్లు పులకరించింది. ఉద్యోగంలో చేరాక దొరికిన మొదటి దొంగ వాడు మరి.

ఫోన్ తీసి దవాఖానాలో కంప్యూటరు చూసుకునే రాములన్నను నిలదీశాను. "అన్నా, నిజం చెప్పు. సినిమాలు దింపుతున్నవా?"

"ఏంది సార్ గట్లంటరు? నాకు ఎక్స్‌రే పంపుడే సక్కగ రాదు, సినిమా ఎట్ల దింపుత?"

"అయితే లైన్ల దొంగ పడ్డడు. కంప్యూటర్ ఆపెయ్. ఇప్పుడే!"

"ఎక్స్‌రే సగం పోయింది సార్..."

"ఆపమంటున్న కదా!"

పాపం, ఆపేశాడు. సగం దూరం వచ్చిన ముత్తయ్య తాత చెయ్యి అక్కడే ఆకాశంలో ఆగిపోయింది. నా తెర మీద వరద మాత్రం తగ్గలేదు. కంప్యూటరు ఆపినా పారుతోందంటే దొంగ బయటివాడే, సందేహం లేదు.

నా కేకలకు మా పెద్దసారు సుబ్బారావుగారు గదిలోంచి వచ్చారు. "ఏంటయ్యా హడావుడి?"

"మన లైనును ఎవడో దోచేస్తున్నాడు సార్!"

"విరిగిన ఎముకల ఫోటోలు దోచుకుని వాడేం చేసుకుంటాడయ్యా?"

"అదే సార్ నా భయం కూడా," అన్నాను గంభీరంగా. ఆ మాటకు అర్థమేమిటో నాకూ తెలియదు.

ఆ నంబరుకు శాశ్వతంగా తలుపు మూసెయ్యమని ఆజ్ఞ రాసి, మీట నొక్కాను. వరద టక్కున ఆగిపోయింది. తెర నిశ్చలం. "పట్టేశాను సార్!" అని చప్పట్లు కొట్టాను, నాకు నేనే.

తర్వాత ఏ మీట నొక్కినా తెర కదల్లేదు. రాములన్న కంప్యూటరు మళ్లీ పెట్టి పంపితే ఎక్స్‌రే రాలేదు. మామూలు ఈమెయిలు కూడా రాలేదు. ఇటు నుంచి పెట్టెలోకి నాకే ప్రవేశం లేదు. అప్పుడైనా అనుమానం రావాలి కదా? రాలేదు. "దొంగ పగ తీర్చుకున్నాడు సార్. నేనే స్వయంగా వెళ్లాలి," అని బస్సెక్కాను.

కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, అక్కడి నుంచి చర్ల బస్సు. దారి పొడుగునా పక్క సీటువాళ్లకు అంతర్జాతీయ దొంగ గురించి చెప్పాను. ఒకాయన భయపడి తన సంచిని ఒళ్లోకి తీసుకున్నాడు.

తడిసి ముద్దై దవాఖానాలో అడుగుపెట్టేసరికి తాత మంచం ఖాళీ.

"ఎంతసేపని చూస్తం తమ్మీ?" అంది డాక్టరమ్మ. "ఎక్స్‌రే కవర్ల పెట్టి, కోడల్ని తోడిచ్చి ఖమ్మం పంపిన. పోనని ఒకటే లొల్లి. బతిమాలి బస్సెక్కిచ్చినం."

అంటే విరిగిన చేత్తో తాత అటు, విరగని బుద్ధితో నేను ఇటు, దారిలో ఎక్కడో ఎదురుపడే ఉంటాం.

పెట్టె ముందు కూర్చుని, దొంగ నంబరు కాగితం మీద రాసుకుని సుబ్బారావుగారికి ఫోన్ చేశాను. "సార్, ఈ నంబరు ఎవరిదో మనకు నెట్ ఇచ్చే కంపెనీని అడగండి. పోలీసులకు పట్టిద్దాం."

ఆయన కాసేపటికి తిరిగి చేశారు. గొంతు చాలా ప్రశాంతంగా ఉంది.

"అడ్రసు దొరికిందయ్యా, రాసుకో. ఖమ్మం. మన వీధి. మన మేడ. మెట్ల పక్క గది. కిటికీ దగ్గర కుర్చీ."

"అది... నా కుర్చీ కదా సార్?"

"అవునయ్యా. అందులో కూర్చునేవాడే."

మీకు అర్థమయ్యేలా చెబుతాను, నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ఇంట్లో చిన్నోడా అని పిలిపించుకునేవాడికి బడిలో వేరే పేరున్నట్టు, మా ఆఫీసుకు లోపల ఒక నంబరు, బయటికి ఒక నంబరు. నాకు తెలిసింది లోపలిదే. ఇక ఆ వరదంటారా, పెట్టె నాకు చూపించే ప్రతి వరుసా అదే లైను మీద ఖమ్మం రావాలి. వస్తే అదీ లైనులో పోయిన ముక్కే. దాన్ని చూపించడానికి ఇంకో వరుస. దానికి ఇంకోటి. నేను చూస్తున్నంతసేపూ లైను నిండిపోయింది, నేను చూస్తున్నందుకే. గుమ్మానికి అడ్డంగా నిలబడి గాలి రావట్లేదని ఇంటిల్లిపాదినీ తిట్టినవాణ్ణి నేను. ఆపైన తలుపు మూసింది కూడా నా మొహం మీదే.

మూసిన తలుపు తెరిచాను. లైను చక్కగా నడిచింది. వాన కూడా తగ్గింది. నేల చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది గాని, అక్కడి నేల గట్టిది. డాక్టరమ్మకు అంతా చెప్పాను. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె "అన్నం తిన్నవా?" అంది. తిట్టినా బాగుండేది.

మరునాడు రాములన్న నన్ను బస్సెక్కించడానికి రోడ్డు మీదికి వచ్చాడు. అటు నుంచి వచ్చిన బస్సులోంచి ముత్తయ్య తాత దిగాడు. చేతికి తెల్లటి పట్టీ, వెనకాల కోడలు.

"ఏమన్నరు తాతా?" అన్నాడు రాములన్న.

"ఏమంటరు? గీ పట్టీ మీ ఊళ్లనే కట్టచ్చు, ఇంత దూరం ఎందుకొచ్చినవని అడిగిండ్రు." నా వైపు చూశాడు. "గీ పిలగాడెవరు?"

"ఖమ్మం కంప్యూటర్ సారు తాతా."

"ఓ! లైన్ల దొంగ పడ్డడట గదా సారూ. దొరికిండా?"

రాములన్న చప్పున అటు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు.

"దొరికిండు తాతా," అన్నాను.

"నాలుగు తగిలిచ్చిండ్రా?"

"ఖమ్మం పోయినంక తగుల్తయి."

తాత బాగున్న చేతిని నా భుజం మీద వేశాడు. "వద్దు సారూ, ఇడిసిపెట్టుండ్రి. ఏ దిక్కులేని పోరడో, తిండికి లేక చేసి ఉంటడు."

ఆ బురద రోడ్డు మీద, ఆ పట్టీ చేతి సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్లీ ఏ లైనులో దొంగను వెతికినా, ముందు తెర మీది వరుసల్లోంచి నా నంబరును తీసేసి గాని వెతకను. తీసేశాక ఎవడూ మిగలకపోతే, నోరు మూసుకుని వాన తగ్గేదాకా కూర్చుంటాను.