బుల్లిబాబుగారి బీపీ పట్టీ

ఎవరి నోటి నుంచైనా "మర్చిపోయాను" అనే మాట జారితే చాలు, బుల్లిబాబుగారు వాళ్ల చేతికి బీపీ పట్టీ చుట్టేసేవారు. గొడుగు మర్చిపోయినా అంతే, పాస్‌వర్డ్ మర్చిపోయినా అంతే. 1999లో మాదాపూర్‌లో ఆయన పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకి రెండే భయాలు. ఒకటి, డిసెంబరు ముప్పై ఒకటి దాటితే కంప్యూటర్లు ఏమవుతాయోనని. రెండోది బుల్లిబాబుగారి చేతిసంచి.

ఆయనకు యాభై నాలుగేళ్లు. పాత కోబాల్ ప్రోగ్రాములు తెలిసినవాళ్లు దొరక్క కంపెనీ కాకినాడ నుంచి వెతికి తెచ్చుకుంది. ఆయన వస్తూ వస్తూ చేతిసంచిలో బీపీ మిషన్ తెచ్చుకున్నారు.

"గుండె కింద మోటారండి, మెదడు పైన ట్యాంకు. మధ్యలో పైపులు పాడైతే నీళ్లెక్కుతాయా?" అనేవారు రబ్బరు బుడ్డి నొక్కుతూ.

ఆఫీసు వ్యవహారాలు చూసే వేణుకు ఇదంతా చాదస్తం. తనది పాదరసం లాంటి బుర్రని అతనికి గట్టి నమ్మకం. జేబులో తాళాలు పెట్టుకుని ఆఫీసంతా వెతికించిన రోజున కూడా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

"మర్చిపోయారా?" అంటూ బుల్లిబాబుగారు సంచి తెరిచారు.

"మర్చిపోలే సార్. జర పరేషాన్‌ల ఉన్న."

చెప్పి, మెట్ల మీదుగా ఉడాయించాడు. నాలుగంతస్తులు దిగేసరికి గుండె దడదడలాడింది. తప్పు మెట్లదేనని తీర్మానించుకున్నాడు.

ఆఫీసులో టీ ఇచ్చే సీతాబాయిది ఖాజాగూడ. ఏడాదిగా ఆమెకు మతిమరుపు ముదిరింది. తాగినవాళ్లకే మళ్లీ టీ ఇస్తుంది, షుగరున్నవాళ్లకు చక్కెర దండిగా వేస్తుంది. ఒకరోజు పొయ్యి మీద పాలు మర్చిపోయి గిన్నె మాడబెట్టింది. నెలాఖరుకు ఆమెను మాన్పించాలని వేణు కాగితం రాశాడు. పాదరసం బుర్ర కదా, రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

సంగతి తెలిసి బుల్లిబాబుగారు అతని గదికొచ్చి నోటుపుస్తకం ముందు పెట్టారు. నలభై మంది పేర్లు, పక్కన బీపీలు. అందులో సీతాబాయి పేరే ఇరవై సార్లుంది.

"మా అక్కయ్యకి ఏళ్లతరబడి బీపీ ఉందండి, ఎవరమూ చూపించలేదు. ఆఖరికి మా పేర్లే మర్చిపోయింది. వయసనుకున్నాం. ఈవిడకేమో ఆస్పత్రంటే హడలు. మీరు తప్ప అందరి చేతులూ పట్టుకున్నాకే తన చెయ్యిచ్చింది. మందులు మొదలెట్టి మూడు వారాలైందండి. పోయిన జ్ఞాపకం తిరిగొస్తుందని చెప్పలేను. ఉన్నదైనా నిలబడొచ్చు. ఆ కాగితం కాస్త ఆపండి."

వేణుకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి చాపాడు. "నాది గూడ చూడుండ్రి సార్."

నూట డెబ్బై, నూట పది.

అప్పుడే సీతాబాయి రెండో విడత టీ పట్టుకొచ్చింది. బుల్లిబాబుగారి ముఖం చూసి ఆగింది.

"నాకంటె ఎక్కువుందా?"

"ఎక్కువేనమ్మా."

ఆమె కప్పు పక్కన పెట్టింది. "ఫికర్ చెయ్యకుండ్రి సారూ. రేపు పొద్దుగాల నాతోటి దవాఖానకు రాండ్రి. లైన్ల నేను నిలబడ్త."

మర్నాడు నిజంగానే నిలబడింది. తన వంతు రాగానే వేణును ముందుకు తోసి, "గీ సారుకు బీపీ ఉన్నదని ఇన్ని దినాలు ఎవ్వరు చెప్పలేదంట డాక్టరమ్మా, జర మంచిగ చూడు," అంది.

బయటికొచ్చాక వేణు మందుల చీటీ జేబులో పెట్టుకున్నాడు. "సీతాబాయీ, వచ్చే నెల గూడ పనికొస్తవ్ గదా?"

"రాకుంటె ఎట్ల సారూ? మీకు గోలీలు యాది చేసేది ఎవరు మరి?"