తన ఇంటి చిరునామా ఇచ్చిన మనిషి

మా వదినగారు గత శనివారం పోయారు. మావారి అక్కగారు. మావారు ఉన్నప్పుడూ, ఆయన పోయాక కూడా, మద్దిలపాలెంలో మా ఇంట్లోనే ఉన్నారు. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఆసుపత్రికి బయలుదేరే ముందు నేనిచ్చిన కాఫీ ఒక గుక్క తాగి, "డికాక్షను రెండోసారి తీశావు" అన్నారు. నాతో అన్న ఆఖరి మాట అదే. ఇంకాస్త గంభీరమైనది ఏదైనా అని ఉంటే ఇక్కడ రాసేదాన్ని.

ఈ నాలుగు మాటలూ మీ అందరికీ రాయడానికి కారణముంది. మీలో చాలామంది ఆవిడని చూడలేదు, పేరు కూడా తెలియదు. కానీ మన ఊరి కబుర్ల కోసం ఇంటర్నెట్టులో పెట్టిన ఆ చర్చావేదికలో మీరెప్పుడైనా ఏదైనా రాసి, మర్నాడు చూసేసరికి అది మాయమై ఉంటే, మాయం చేసింది ఆవిడే. అక్కడ ఆవిడకి పేరు లేదు, 'నిర్వహణ' అని మాత్రం ఉండేది. ఆ నిర్వహణ ఎవరో మీసాలున్న రిటైర్డు పోలీసాఫీసరని కొందరు, ఇంట్లో మాట చెల్లని ఉక్రోషం ఇక్కడ తీర్చుకునే గుమాస్తా అని కొందరు ఊహించుకున్నారు. పొద్దున్న నేను కూరలు తరుగుతుంటే ఆ ఊహలన్నీ ఆవిడ చదివి వినిపించేవారు. "చూడు అమ్మాయ్, ఇవాళ నాకు మీసాలు పెట్టారు" అని మురిసిపోయేవారు. నా మనవరాలు కాలేజీకి వచ్చినా నేను ఆవిడకి అమ్మాయ్‌నే.

వదినామరదళ్ళం ఇన్నేళ్ళు పోట్లాడుకోకుండా ఉన్నామని ఎవరైనా చెబితే నమ్మకండి. పచ్చడిలో ఉప్పు దగ్గర నుంచి ఫ్యాను వేగం దాకా అన్నిటికీ పోట్లాడుకున్నాం. మావారు పోయిన ఏడాది మాత్రం ఆవిడ నాతో దేనికీ వాదించలేదు. ఆ ఏడాదంతా నాకు భయంగా ఉండేది. ఒకరోజు చారు నీళ్ళలా ఉందని అన్నారు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

వేదిక పని ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు. దాన్ని పెట్టిన ఇంజనీర్లలో ఒకాయన ఆవిడ దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు. పెట్టిన కొత్తలోనే, దోసెలు ఏ హోటల్లో బాగుంటాయన్న చర్చ కులాల దాకా వెళ్ళింది. వాళ్ళలో వాళ్ళు తిట్టుకుని, అలిసిపోయి, "మీరైతే ఎవరూ ఎదురు చెప్పరు టీచర్" అంటూ మా ఇంటికొచ్చి ఆవిడని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వెళ్ళారు. ఎవరూ ఎదురు చెప్పరన్నది ఎంత అబద్ధమో మొదటి వారంలోనే తేలింది. ఫోను తీగ ఊడదీసి మోడెముకి తగిలిస్తే అది కీచుమని అరిచేది. అక్కణ్ణుంచి మా ఫోను ఎంగేజి. బెజవాడలో ఉన్న మా చెల్లెలు, మేమిద్దరం ఏమైపోయామోనని ఒకసారి పక్కింటికి ఫోను చేసి కనుక్కుంది.

ఆవిడ పద్ధతి బడి పద్ధతే. అల్లరి చేసినవాణ్ణి బడిలోంచి పంపెయ్యడమన్నది తన సర్వీసులో లేదని చెప్పుకునేవారు. వేదికలో ఏది తీసేసినా, రాసినవాళ్ళకి విడిగా ఒక ఉత్తరం పంపేవారు. "మాట తీసెయ్యొచ్చు, మనిషిని తీసెయ్యకూడదు" అనేవారు. తనని తిట్టిన రాతల్ని అసలు ముట్టుకునేవారు కాదు. "కోపం ఎంతైనా రాసుకోనీ అమ్మాయ్, ఎవరి ఇంటి చిరునామా మాత్రం రాయనివ్వను" అనేవారు. అంత పట్టుదల దేనికో నాకు మొదట్లో బోధపడలేదు.

బోధపడింది మల్కాపురం మనిషి వల్ల. పోర్టులో కాంట్రాక్టు కింద వెల్డింగు పని చేసేవాడు. పనయ్యాక నెట్ సెంటర్లో కూర్చుని క్రికెట్ గురించి రాసేవాడు, మరేదీ రాసేవాడు కాదు. అలాంటివాడు ఒకరోజు, తన తల్లి ఒక ఆసుపత్రిలో చనిపోయిందనీ, చూసిన డాక్టరు ఫలానా అనీ రాశాడు. అక్కడితో ఆగలేదు. డాక్టరు ఇల్లెక్కడో, కారు ఎప్పుడు బయటికి తీస్తాడో, పిల్లలు స్కూలు బస్సెక్కే మలుపు ఏదో, అన్నీ రాశాడు. కింద ముక్కూ మొహం తెలియనివాళ్ళు "ఎప్పుడెల్దాం బావా", "మేం రెడీ" అని రాయడం మొదలుపెట్టారు.

వదిన నాకు చదివి వినిపిస్తున్నవారు మధ్యలో ఆపేశారు. కళ్ళజోడు తుడుచుకుని, మిగతాది తనలో తను చదువుకున్నారు. తర్వాత మొత్తం తీసేశారు. అప్పటి ఏర్పాటులో ఒక ముక్క తీసి మిగతాది ఉంచే వీలు లేదు. ఉంటే అంతా ఉండాలి, పోతే అంతా పోవాలి. మోడెం తీగ పీకి ఫోనుకి తగిలించి, డైరెక్టరీలో నంబరు వెతికి, ఆ డాక్టరుగారింటికి ఫోను చేసి, పిల్లల్ని కొన్నాళ్ళు దగ్గరుండి బడికి తీసుకెళ్ళమని చెప్పారు. అప్పుడు ఆ మల్కాపురం అతనికి మామూలుగా అందరికీ పంపే ఉత్తరం పంపారు.

సాయంత్రానికల్లా జవాబొచ్చింది. అందులో ఇక్కడ రాయదగిన ముక్క ఒక్కటే ఉంది. "డాక్టరు సంగతి తర్వాత. ముందు నిన్ను సూస్తాను. దమ్ముంటే నీ అడ్రసు సెప్పు."

వదిన చెప్పారు.

ఇంటి నంబరు, వీధి, బస్సు డిపో దగ్గర దిగి ఎటు తిరగాలో, మా గేటు రంగుతో సహా రాసి పంపారు. చివర, "నాలుగు దాటాక రండి. మధ్యాహ్నం పడుకుంటాను" అని చేర్చారు.

"మీకేమైనా మతి పోయిందా వదినా" అన్నాను.

"అతనికి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి తీరాలని ఉంది అమ్మాయ్. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మనింట్లో ఎవరున్నారు, మనిద్దరమేగా."

"ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. నన్నడిగారా?"

"అడిగితే వద్దంటావుగా."

సంగతి తెలిసి శిష్యుడు ఇంజనీరు ఫోను చేసి పోలీసులకి చెప్పమని బతిమాలాడు. "ముందు అతన్ని రానీ. చెప్పాల్సింది ఏదైనా ఉంటే అప్పుడు చెబుదాం" అన్నారు. చెప్పడానికి మనం మిగలాలి కదా అని నేనన్నాను.

మర్నాడు నాలుగు దాటాక గేటు చప్పుడైంది. వంటింటి కిటికీలోంచి చూశాను. ముప్ఫై ఏళ్ళ మనిషి. తల్లికి కర్మ చేసిన గుండు మీద జుట్టు ఇంకా సరిగా మొలవలేదు. చంకలో న్యూస్‌పేపరు చుట్టిన పొడుగాటి వస్తువు. అప్పుడు నేను చేసిన సాహసం ఏమిటంటే, కత్తిపీట తీసి బియ్యం డబ్బా వెనక దాచడం. కావలసింది అతను వెంట తెచ్చుకున్నాడన్న సంగతి దాచాక తట్టింది.

వదిన వరండాలో ఉన్నారు. గంజి పెట్టి ఆరేసిన నేతచీర తీసి, రెండో కొస పట్టుకోవడానికి నన్ను పిలుస్తున్నారు. నేను వెళ్ళే స్థితిలో లేను.

"నిర్వహణ ఆయనున్నాడా?" అన్నాడతను.

"ఉన్నారులే. ముందు ఈ కొస పట్టుకో నాయనా."

"నానొచ్చింది ఆయన కోసం."

"సరే, ఎక్కడికీ పోరు. ఇది బిరుసెక్కిపోతే మడత కుదరదు."

అతను ఒక చేత్తో పట్టుకున్నాడు. "రెండు చేతులూ కావాలి" అన్నారు వదిన, అన్నేళ్ళు పిల్లలకి చెప్పిన గొంతుతో. ఆ పొట్లాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకోబోయి, కుదరక, గోడకి ఆనించాడు. ఠంగుమంది. ఇనుమే. ఇద్దరూ చీరని సాగదీశారు, దులిపారు, అంచు మీద అంచు వేశారు. అతనికి ఆ పని వచ్చు. ఇంట్లో తల్లికి సాయం పట్టినవాడే అయ్యుంటాడు. కొసలు కలపడానికి నడిచి దగ్గరికొచ్చి, తన చేతిలోవి ఆవిడ చేతిలో పెడుతుండగా వదిన అన్నారు, "నీ రాత తీసేసింది నేనే."

"మీరా?"

"నేనే."

అతను వరండా అంతా కలయజూశాడు. "మీ ఇంట్లో మగోల్లు ఎవులూ లేరా?"

"లేరు. ఉంటే నీకు పని తేలికయ్యేది. కూర్చో."

కూర్చున్నాడు గానీ చల్లబడలేదు. గొంతు పెరిగింది. "నాను రాసిన దాంట్లో అబద్ధం ఏటున్నాది సెప్పండి. మా అమ్మ సచ్చిపోనాది. అది రాస్తే తీసేత్తారా?"

"అబద్ధమని తియ్యలేదు. పిల్లలు బస్సెక్కే మలుపు రాశావు. అందుకు తీశాను."

"పిల్లల్నేటి సేత్తాననుకున్నారు? ఆయన్ని కొంచెం బెదరగొడదామని, అంతే."

"నువ్వు బెదరగొట్టి వచ్చేస్తావు. కింద 'మేం రెడీ' అన్నవాళ్ళెవరు?"

అతను ఆలోచించాడు. "నాకు తెల్దు" అన్నాడు.

"నాకూ తెలీదు. నా భయం అదే."

నేను వెళ్ళి మజ్జిగ ఇచ్చాను. సగం తాగాక అతను అసలు సంగతి చెప్పాడు.

"ఆయన తప్పు మందిచ్చాడని నానన్లేదమ్మా. అయి నాకు తెలవు. పోనాదని ఆయన నాతో సెప్పలేదు. కాంపౌండరొచ్చి, బాడీ ఎప్పుడట్టుకెల్తారు అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఎనక్కి తిరిగి సూసేసరికి ఆయన కారు గేటు దాటేసింది." గ్లాసు కింద పెట్టాడు. "మీరు పంపిన ఉత్తరం కూడా ఆ కాంపౌండరు సెప్పినట్టే ఉన్నాది."

ఆ ఉత్తరం ఎలా ఉంటుందో నాకు తెలుసు. 'మీ రాత వేదిక నియమాలకు విరుద్ధంగా ఉన్నందున తొలగించడమైనది.' బడిలో సర్క్యులర్లు రాసి రాసి అలవాటైన చెయ్యి అది. వాదనలో వదిన ఓడిపోవడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మడత పెట్టిన చీర ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టారు.

"నిజమే. మీ అమ్మ పోయిందని చదివి కూడా, అయ్యో అని ఒక్క మాట రాయలేదు నేను" అన్నారు. తర్వాత లేచి, "పద, రాద్దాం" అన్నారు.

అతను చెబుతుంటే ఆవిడ టైపు చేశారు. తల్లి మల్కాపురంలో టిఫిన్ బండి పెట్టేదట. ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఆటోలో, ఆయాసపడుతూ కూడా, పప్పు నానబోసి ఉంది, పారబొయ్యొద్దు, పక్కింటావిడకి ఇచ్చెయ్యి అందట. అక్కడ వదిన టైపు చెయ్యడం ఆపి, ఏ పప్పు, మినప్పప్పా పెసరపప్పా అని అడిగారు. ఇదెక్కడి ప్రశ్న అనుకున్నాను. అతను మినప్పప్పని చెప్పి, మొట్టమొదటిసారి ఏడ్చాడు.

డాక్టరు పేరు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. పేరుండాలని అతను.

"పేరు తెలిస్తే ఇల్లు కనుక్కోవడం ఎంతసేపు? నా ఇల్లు నీకు దొరకలేదూ" అన్నారు వదిన.

"మీరే గదా ఇచ్చినారు."

ఆ మాటకి వదిన నవ్వేశారు. అతను నవ్వబోయి ఆపుకున్నాడు. చివరికి 'ఒక డాక్టరు' అనేదానికి ఒప్పుకున్నాడు. కారు గేటు దాటిన వాక్యం మాత్రం తియ్యనని పట్టుబట్టాడు. అది తియ్యమని ఆవిడ అననే లేదు.

వెళ్ళడానికి గేటు తీసినవాణ్ణి వదిన వెనక్కి పిలిచారు. "నీ పొట్లం మర్చిపోయావు." నేనైతే మర్చిపోనిచ్చేదాన్ని. అతను తిరిగొచ్చి, తల ఎత్తకుండా తీసుకుని వెళ్ళాడు.

ఆ రాత కింద వచ్చిన జవాబులు మీలో కొందరు రాసినవే. ఆ బండి దగ్గర తిన్నవాళ్ళు రాశారు. తిననివాళ్ళు తమ తల్లుల గురించి రాశారు. 'మేం రెడీ' అన్నవాళ్ళలో ఒకాయన కూడా వాళ్ళమ్మ గురించి రాశాడు. మల్కాపురం అతను డాక్టరు ఇంటికి వెళ్ళలేదు. క్షమించానని కూడా ఎక్కడా రాయలేదు. రాయమని వదిన అడగలేదు.

ఆ తర్వాత మీకు ఆవిడ పంపిన ఉత్తరాలు అంత పొడుగ్గా ఎందుకుండేవో ఇప్పుడు తెలిసింది కదా. అన్నం చల్లారిపోతోందని నేను గొంతు చించుకుంటున్నా, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి రాసేవారు. "మీ బావమరిది మీద మీకున్న కోపం న్యాయమే. కానీ ఆయన షాపు తాళాలు ఎక్కడ పెడతాడో ఊరందరికీ చెప్పకండి" అని ఒకాయనకి రాయడం నేను కళ్ళారా చూశాను.

మొన్న శుక్రవారం వదినకి ఆయాసం ఎక్కువైతే నేను ఫోను చేసింది, ఇన్నేళ్ళూ మా ఇంటికి రాకపోకలు మానని ఆ మల్కాపురం మనిషికే. ఆటో తెచ్చాడు, ఆవిడని ఎత్తుకుని ఎక్కించాడు, రెండు రోజులూ నన్ను వదిలి కదల్లేదు. అది వాళ్ళమ్మ పోయిన ఆసుపత్రి కాదు. కానీ ఆసుపత్రి వరండాలన్నీ ఒకేలా ఉంటాయి. అతను కూర్చోలేకపోయాడు.

శనివారం మధ్యాహ్నం నర్సు తలుపు సగం తెరిచి, నా వంక చూసి, లోపలికి వెళ్ళిపోయింది. నాకు అర్థమైంది. అతనికీ అర్థమైంది. కాసేపటికి వార్డుబాయి ఒకడొచ్చి "పేషెంటు తాలూకు ఎవరండీ" అని మొదలుపెట్టబోతే, అతను చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు సెప్పద్దు బావా" అని, డాక్టరు గది వైపు నడిచాడు.

ఆ నడక నేను ఒకసారి మా వంటింటి కిటికీలోంచి చూశాను. నేను బెంచీ మీదే ఉండిపోయాను. తలుపు తట్టిన చప్పుడు, తర్వాత అతని గొంతు వినిపించాయి.

"సార్, ఆమె తాలూకు పెద్దామె బయట కూకున్నాది. ఒక్క నిమిషం మీరొచ్చి సెప్పండి సార్. మేమేటీ అనం."

డాక్టరు చిన్నవాడు. బయటికొచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. ఏం జరిగిందో, తాము ఏం చేశారో, ఎక్కడ తమ చేతులు దాటిపోయిందో తెలుగులో నిదానంగా చెప్పాడు. అందులో సగం నాకు ఎక్కలేదు. నేను ఆ మల్కాపురం మనిషినే చూస్తున్నాను. గుమ్మం పక్కన చేతులు కట్టుకుని, కాస్త ముందుకి వంగి, డాక్టరు నాతో చెబుతున్న ప్రతి మాటా తనకే చెబుతున్నట్టు వింటున్నాడు.