తాపీ ఉందాండీ?

ఇల్లు కట్టడం గురించి మా గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. వాటిలో లేని మాట పాలకొల్లు బస్సులో విన్నాను కాబట్టి రాసి పెడుతున్నాను.

వంటగది గోడ సగం పడగొట్టి వెళ్ళిన తాపీ మేస్త్రీ సోమవారం నుంచి పత్తా లేడు. బయట మబ్బు పట్టింది. పక్క సీటులో ఉన్న పెద్దావిడకు ఆ సంగతి చెప్పి, "సామాను మా ఇంట్లోనే ఉందండి, వస్తాడు," అన్నాను ధీమాగా.

"తాపీ ఉందాండీ?"

ఇంటికి ఫోన్ చేశాను. పార, గమేళా ఉన్నాయనీ, తాపీ లేదనీ మా ఆవిడ చెప్పింది.

"అయితే ఇంకోళ్ళ గోడ మొదలెట్టేశాడండి! పార ఎవరింట్లోనైనా దొరుకుద్ది. చేతికి అలవాటైన తాపీ వదిలేసి వెళ్తాడేంటండీ? వేరే మనిషిని చూసుకోండి," అని పకపకా నవ్విందావిడ.

బస్సు దిగకముందే మరో మేస్త్రీని మాట్లాడేశాను.

వాన పడేలోపు గోడ లేపిన సత్తిబాబుకి, అతని నంబరిచ్చిన సుబ్బారావు గారికి, మంచం కింద కూడా తాపీ వెతికిన మా జానకికి కృతజ్ఞతలు. పేరు అడిగేలోపే దిగిపోయిన ఆ పెద్దావిడకు కూడా.