అమ్మ వేరు, మమ్మీ వేరు

అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్ మెట్ల పక్కన చీరలకు ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాటి నుంచీ అదే మిషను, అవే మెట్లు. నేను మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్లింది నా మూడేళ్ల కూతురు సాధన గౌను వదులు చేయించడానికి.

"ఏడ బిర్రుగున్నది?" అని అడిగింది.

"చంకల దగ్గరండీ" అన్నాను.

"నిన్నడగలే బిడ్డా."

సాధన ఆలోచించి మెడ చూపించింది. లేబుల్ గుచ్చుకుని అక్కడ ఎర్రగా కందిపోయింది. మైక్రోబయాలజీ చదివి, పిల్ల తుమ్మినా థర్మామీటరు తీసే నాకు ఆ ఎరుపు కనిపించలేదు.

తర్వాత తెలిసింది, ఆమె ఇల్లు కూడా మన్సూరాబాద్‌లో మా వీధిలోనేనని. కూతురి కూతురు, పదకొండేళ్ల జ్యోతిక పసితనం నుంచీ ఆమె దగ్గరే పెరిగింది. తల్లి గీత పిలిచినట్టే తానూ అండాలమ్మను "అమ్మా" అంటుంది. కన్నతల్లి గీతను మాత్రం "మమ్మీ" అంటుంది. గీతది బెంగళూరులో ఉద్యోగం. విడాకుల తర్వాత తండ్రి సాయినాథ్ నాదర్‌గుల్‌లో ఇల్లు తీసుకున్నాడు. పిల్ల నాకంటే నాకని ఇద్దరూ ఎల్బీ నగర్ కోర్టుకెక్కారు. తన దగ్గరే ఉండనివ్వమని అండాలమ్మ కూడా అర్జీ పెట్టుకుంది. పిల్లతోనే మాట్లాడతానని జడ్జిగారు పిలిపించారు.

అండాలమ్మ తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. కోర్టు వరండాలో సాయినాథ్ కూతురికి సైకిల్ కొనిస్తానన్నాడు. గీత బెంగళూరు స్కూల్ ఫొటోలు చూపించింది. అండాలమ్మ మాత్రం, "నీ మనసుల ఉన్నది చెప్పు. నా మొఖం చూసి చెప్పకు" అని గోడ వైపు తిరిగి నిలబడింది.

పిల్లను లోపలికి పిలిచాక, "కొంచెమైనా నేర్పి పంపాల్సింది" అన్నాను.

"గౌను నీకా, దానికా?" అంది.

కాసేపటికి అందరం కోర్టు హాల్లో కూర్చున్నాం. "పాపతో మాట్లాడాను. అమ్మ దగ్గరే ఉంటానంటోంది" అన్నారు జడ్జిగారు. గీత కళ్లు తుడుచుకుంది. ఆమె లాయరు అప్పుడే కాగితాలు సర్దుకుంటున్నాడు. పొరపాటు ఎక్కడ జరిగిందో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, జడ్జిగారికెలా తెలుస్తుంది? లేవబోయాను. అండాలమ్మ నా చున్నీ పట్టి లాగింది.

"ఆగు. అది చెప్తది."

మాట గట్టిగానే ఉంది. చున్నీ అంచు మాత్రం వేలికి చుట్టుకుంటూనే ఉంది.

జ్యోతిక లేచింది. "మేడం, నేను అమ్మ అని చెప్పిన. మమ్మీ అనలే."

"రెండూ ఒకటే కదమ్మా?"

"మా ఇంట్ల ఒకటి కాదు మేడం." చెయ్యి చాపి అండాలమ్మను చూపించింది. "అగో, ఆమె అమ్మ."

ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. "పొరపాటు నాది. మరి మీ మమ్మీ, డాడీ సంగతేంటి?"

"రావచ్చు మేడం. ఇద్దరు ఒక్కనాడే వద్దు. కొట్లాడుకుంటరు."

"నిర్ణయం నాదేనమ్మా, కానీ నువ్వు చెప్పింది వినకుండా చెయ్యను" అన్నారు. అందరి లాయర్ల వాదనలూ విన్నాక, ఈ చదువు సంవత్సరం ముగిసేదాకా పిల్ల అండాలమ్మ దగ్గరే ఉండాలని, ఆదివారాలు తల్లికీ తండ్రికీ వంతులని చెప్పారు. ఆ తర్వాత మళ్లీ పిల్లను అడుగుతామన్నారు.

బయటికి రాగానే గీత తల్లిని నిలదీసింది. "నువ్వే నేర్పినవు గదా అమ్మా?"

"నేను గోడ దిక్కు చూసిన. సున్నం పెచ్చులు లేస్తున్నది. నమ్మకపోతే పోయి చూసిరా."

గీతకు కోపంలోనే నవ్వొచ్చింది. "సరే, ఈ ఆదివారం నేను రావాల్నా, వద్దా?"

"నన్నెందుకు అడుగుతవ్?"

గీత కూతురి వైపు తిరిగింది. జ్యోతిక వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.

"రా మమ్మీ. పొద్దుగాలనే రా. మధ్యాహ్నం నాకు డ్యాన్స్ క్లాసున్నది."