ముందు కార్డు, తర్వాత చెంచా

ఎవరేం మింగాలో చెప్పేది డాక్టర్లే. కానీ ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో వాళ్ల మాట మంచానికి వేలాడేదాకా చెల్లేది కాదు. వేలాడదీసేది కార్డులక్క. ఇరవై రెండేళ్లుగా ఆమె నడుముకు ఒక గుడ్డసంచి, అందులో నాలుగు రంగుల కార్డులు. ఆకుపచ్చది 'నమలగలిగినవి', పసుపుది 'మెత్తనివి', నీలంది 'తాగగలిగినవి', ఎర్రది 'నోటితో ఏమీ వద్దు'. ముందు కార్డు, తర్వాత చెంచా. కార్డు తగిలించకుండా ఎవరైనా గిన్నె మూత తీశారో, వాళ్ల పని అయిపోయినట్టే. ఆమె ఎదురుగా ఉంటే తమకు ఉమ్మి కూడా మింగుడుపడదని ఆయాలు వెనకాల ఆడిపోసుకునేవాళ్లు.

అలాంటి మనిషికి సొంత తమ్ముడే పదకొండో మంచం మీదికి వచ్చి పడ్డాడు. పక్షవాతం. మాట పోయింది, గుటక పోయింది. నీళ్లు తాగితే కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతాయనీ, ప్రాణానికే ముప్పనీ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ముక్కులోంచి గొట్టం వేశారు. ఎర్ర కార్డు అక్కే తగిలించింది.

మూడు రోజులు గడిచాయి. అక్క కనబడితే చాలు, వాడు నోరు తెరిచేవాడు. చిన్నప్పుడూ అంతే, తల్లి లేని పిల్లాడు. అక్క పెడితేనే ముద్ద, లేకపోతే మొండిగా పస్తు. ఇప్పుడు నలభై ఆరేళ్లొచ్చి, మీసం నెరిసి, పెదాలు బీటలు వారి, "నీ... నీ..." అంటున్నాడు. నీళ్లు అనబోతున్నాడని తెలుసు. ఆమె తడిగుడ్డతో పెదాలు అద్దేది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇక ఆమె వల్ల కాలేదు.

"రెండు చెంచాలేరా, నాయనా. రెండంటే రెండే. ఉండు, చెంచా తెస్తాను."

అని ఊరుకుందా? ఎర్ర కార్డు తీసి సంచిలో వేసి, నీలంది తగిలించింది! ఎవరూ చూడకుండా పోసే రెండు చెంచాలకు కార్డు దేనికి తల్లీ? దేనికంటే ఏం చెబుతాం, ఇరవై రెండేళ్ల అలవాటు. కార్డు మారందే ఆ చెయ్యి చెంచా పట్టదు.

కింద వంటగదిలో చెంచా దొరికింది. వెనక్కి తిరగబోతుంటే వంటాయన భోజనాల బండి ఆమె ముందుకు తోశాడు. "పైకేగా వెళ్తున్నావ్, ఇది కూడా పట్టుకుపో అక్కా."

రెండో అంతస్తు దాటాక లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ముందు బండి, వెనక గోడ, నడుమ అక్క. ఊచల తలుపులోంచి, తల పైకెత్తితే, మూడో అంతస్తు నేల జానెడు కనబడుతోంది. అక్కడ నడిచే కాళ్లు తప్ప ఇంకేం కనబడవు.

"ఎవరయ్యా అక్కడ!"

"కంగారు పడకు అక్కా, పైన తీగ పట్టేసింది. పావుగంటలో వదిలిస్తా," అన్నాడు పైనుంచి లిఫ్టాయన.

అప్పుడు చక్రాలు కీచుమన్నాయి. నీలం రబ్బరు చెప్పులు, పక్కన నీళ్ల బండి. పన్నెండున్నరకి నీళ్లావిడ వార్డు తిరిగే వేళ. కార్డు చూసి మరీ పోస్తుంది, అలా నేర్పింది కార్డులక్కే. చెప్పులు ఎడంవైపు తిరిగాయి. పదకొండో మంచం అటే.

దానికి వేలాడుతున్నది నీలం కార్డు. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఇరవై రెండేళ్ల పరువు గంగలో కలుస్తుంది.

"నీళ్లావిడని ఒక్కసారి ఇటు రమ్మను!"

"దాహమా అక్కా? వార్డంతా పోసి వస్తుందిలే."

సిగ్గూ భయమూ రెండూ ఒక్కసారే వదిలేసి ఆమె గొంతు చించుకుంది. "పదకొండుకి నీళ్లు పొయ్యొద్దు! ఆ కార్డు తప్పు! డాక్టరమ్మ చెప్పలేదు, నేనే మార్చాను! నేనే!"

జానెడు సందులో కాళ్లన్నీ ఆగిపోయాయి. తర్వాత ఎవరో పరిగెత్తారు. ఏమైందో చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. పావుగంటసేపు బండికీ గోడకీ మధ్య నిలబడి, చెంచా పిడికిట్లో బిగించి, తన చేతులతో తనే వాడిని చంపుకున్నానని ఏడ్చింది.

లిఫ్టు కదిలి, తలుపు తెరుచుకోగానే బండిని అక్కడే తోసేసి పరిగెత్తింది.

తమ్ముడి గడ్డం తడిగా ఉంది. దుప్పటి తడిసింది. పక్కన పెద్ద సిస్టరు, గ్లాసుతో నీళ్లావిడ.

"తాగలేదక్కా," అంది నీళ్లావిడ. "నీ కార్డే కదా అని మూడుసార్లు పెట్టాను. పళ్లు బిగబట్టాడు. బాగున్న చేత్తో గ్లాసు తోసేశాడు. ఒక్క చుక్క పోనివ్వలేదు."

అక్క మంచం కోడు పట్టుకుని కూలబడింది. పెద్ద సిస్టరు చెయ్యి చాపింది. అక్క లేచి, నడుముకున్న సంచి విప్పి ఆ చేతిలో పెట్టింది. సిస్టరు అందులోంచి ఎర్ర కార్డు ఒక్కటి తీసి తిరిగిచ్చింది.

"ఇది తగిలించి వెళ్లమ్మా. రేపట్నుంచి ఇంకెవరైనా చూస్తారు."

ఆమె కార్డు పట్టుకుని మంచం తలవైపు వచ్చింది. చెంచా ఇంకా ఎడంచేతిలోనే ఉంది. తమ్ముడు దాన్ని చూశాడు, అక్కని చూశాడు, బిగించిన పళ్లు వదిలి నోరు పూర్తిగా తెరిచాడు.

"నోరు ముయ్యి నాయనా," అంది అక్క, కార్డు తగిలిస్తూ.