ఫ్యాను కింద ఉజ్జీవం

మా అత్త సారవ్వ ఆదివారం ప్రార్థనకు లేచి నిలబడిందంటే, మందిరంలో సెకండ్ షిఫ్టు డ్యూటీ ఉన్నవాళ్లందరూ వాచీలు చూసుకునేవారు. పాస్టరయ్య మొదట మెల్లగా దగ్గేవాడు. తర్వాత గట్టిగా దగ్గేవాడు. చివరికి ఆయనకు నిజంగానే దగ్గొచ్చేది. ఆమె మాత్రం కళ్లు మూసుకొని, రెండు చేతులూ పైకెత్తి, "ప్రభువా, గోదావరిఖనికి ఉజ్జీవం పంపు. గీ సంఘానికి పంపు. ఎనుక కూసోని కునికిపాట్లు వడేటోళ్లకు పంపు. కొత్త చీర కట్టుకొని అందరి దిక్కు సూసేటోళ్లకు పంపు" అంటూ ఒక్కొక్కరినీ, పేరు చెప్పకపోయినా అందరికీ తెలిసిపోయేలా, దేవుడికి అప్పజెప్పేది.

నాది పెద్దపల్లి. పెళ్లికి ముందు చర్చి గుమ్మం తొక్కి ఎరగను. కాపురానికి వచ్చిన కొత్తలో ఉజ్జీవం అంటే ఏదో పండగ కాబోలు అనుకొని, ఆ రోజు ఏం వండాలని అడిగాను. మా అత్త కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. వాడకట్టంతా తిరిగి చెప్పి, మళ్లీ వచ్చి నవ్వింది. ఆ తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకొని పాఠం చెప్పింది.

"ఉపేందర్ డ్యూటీ దిగినంక టోపీ మీది బత్తిని ఏం చేస్తడే?"

ఉపేందర్ అంటే మా ఆయన. బొగ్గుబాయిలో పని.

"ల్యాంపు రూంల ఇచ్చి వస్తడు."

"ఎందుకు?"

"ఛార్జింగ్ పెట్టనీకి."

"గదే మరి. మనిషి భక్తి గిట్ల వాడంగ వాడంగ గుడ్డిగైతది. దేవుడు మల్ల ఎక్కిస్తడు. దాన్నే ఉజ్జీవం అంటరు."

"మరి నీకు ఎక్కిందా అత్తమ్మా?"

"నాకెందుకే? నేను ఫుల్లున్న. తక్కినోళ్లకు కావాలె."

ఆ ఫుల్లు ఛార్జింగుతో ఒకే ఇంట్లో కాపురం చెయ్యడం ఎంత కష్టమో నన్నడగండి. తెల్లారకముందే పాటలు. పప్పులో ఉప్పు తక్కువైతే నా భక్తి తక్కువైనట్టు. టీవీ పెడితే లోకం, తీసేస్తే మౌనవ్రతమా అని దెప్పు. అయినా ఆమె మీద నాకు ప్రేమే. ఎందుకంటే ఆమె తిట్టినా కడుపునిండా పెట్టి తిట్టేది.

ఇక ఫ్యాను సంగతి.

మా మందిరం క్వార్టర్ల వెనక ఒక రేకుల షెడ్డు. రామగుండం ఎండలు, పైన రేకులు. మే నెలలో నరకం గురించి ప్రసంగం చెప్పే అవసరం పాస్టరయ్యకు ఉండేది కాదు. అలాంటి చోటికి కమలకుమారిగారు ఒక ఫ్యాను కొనిచ్చింది. ఆమె మొగుడు సత్తిబాబుగారు బాయి మీద ఫిట్టరు. ఎప్పుడో రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. కమలకుమారి మా అత్తకు ప్రాణస్నేహితురాలు. మా మామ పోశం దవాఖానలో ఉన్నన్నాళ్లూ, పొద్దునా సాయంత్రం అన్నం క్యారియర్ పట్టుకొని నడిచి వచ్చింది ఆమే. మామ పోయిన రోజు మా అత్త తలను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నదీ ఆమే.

ఫ్యాను ఇచ్చినప్పుడు అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. రెక్కల మీద పేరు రాయించింది. ఒక రెక్క మీద "శ్రీ సత్తిబాబు", ఇంకో రెక్క మీద "శ్రీమతి కమలకుమారి", మూడో దాని మీద "దంపతుల కానుక". ఎర్ర రంగుతో, ముత్యాల్లాంటి అక్షరాలు. పాస్టరయ్య ప్రార్థన చేసి స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కమలకుమారి తల పైకెత్తి చూసింది. శ్రీ లేదు, శ్రీమతి లేదు. గుండ్రంగా ఒక ఎర్ర గీత.

పాపం, ఆమె మొహం చూడాలి. ఇన్నేళ్లుగా దేశంలో ఇన్ని ఫ్యాన్ల మీద పేర్లు రాయించినవాళ్లలో ఒక్కరికీ ముందుగా ఈ ఆలోచన ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాతి వారం నుంచి ఆమె, కానుకలు పట్టేటప్పుడు కాసేపు ఫ్యాను ఆపమని పాస్టరయ్యను బతిమాలడం మొదలుపెట్టింది. చిల్లర నోట్లు ఎగిరిపోతున్నాయట. ఆ తర్వాత వాక్యం చదివేటప్పుడు కూడా. పేజీలు ఎగిరిపోతున్నాయట. సరిగ్గా ఫ్యాను కింద చాప మీద కూర్చునేది మా అత్త. అసలే ముక్కు మీద కోపం, ఆపైన ఉడుకపోత. ఒక ఆదివారం అందరి ముందూ లేచింది.

"ఎగిరేది నోట్లు గాదు, నీ పానం. నీ పేరు మేం సదువనీకి మమ్ములను ఉడుకవెడ్తవా? పరలోకంల నీ పేరు లేకనా, రెక్కల మీద రాయించుకున్నవు?"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. కమలకుమారి నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్లి గుమ్మం దగ్గర కూర్చుంది. ఆ రోజు నుంచి అదే ఆమె చోటు. గాలి అక్కడిదాకా రాదు. ఇద్దరికీ మాటల్లేవు.

తర్వాత రాష్ట్రం కోసం ధర్నాలు మొదలయ్యాక, వీళ్లిద్దరి పంచాయితీ కూడా అందులో భాగమేనని బయటివాళ్లు అనుకున్నారు. ఎవరో మా అత్తను మెచ్చుకోబోయారు కూడా. ఆమెకు ఒళ్లు మండింది. "రాష్ట్రం లొల్లి రాష్ట్రానిది. మాది రెక్కల లొల్లి. దాన్ని దీంట్ల కలుపకుండ్రి" అని తరిమింది.

కానీ ఆదివారం మధ్యాహ్నాలు ఆమెకు గడిచేవి కావు. ఒకప్పుడు ఆ వేళకు ఇద్దరూ గడపలో కూర్చొని ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ ఊరందరి సంగతులూ మాట్లాడుకునేవారు. ఇప్పుడు మా అత్త దువ్వెన పట్టుకొని ఒక్కతే కూర్చునేది. నేను దువ్వుతానంటే, "నీకు పేనుకు, పొట్టుకు తేడా తెల్వది, పో" అనేది. నాకు బాధేసేది.

రెండేళ్లు అలాగే గడిచాయి. 2010 మే నెలలో సత్తిబాబుగారి రిటైర్మెంటు అని తెలిసింది. క్వార్టర్ ఖాళీ చేసి జూన్‌లో సొంతూరికి వెళ్లిపోతారట. ఆ మాట నేనే వచ్చి చెప్పాను. మా అత్త బియ్యం ఏరుతోంది. "పోనియ్" అంది. ఏరిన రాళ్లు మళ్లీ బియ్యంలోనే వేసింది.

సరిగ్గా ఆ నెలలోనే మా సంఘంలో మూడు రోజులు ఉజ్జీవ సభలు పెట్టారు. ఎక్కడినుంచో పెద్ద ప్రసంగీకుణ్ణి పిలిపించారు. వీధి మొదట్లో ఫ్లెక్సీ, అద్దె మైకులు. మా అత్త సంబరం చెప్పనలవి కాదు. ఇన్నేళ్లు అడిగిన ఉజ్జీవం ఆటో ఎక్కి వస్తున్నట్టే. మూడు రోజులూ ఉపవాసం అని ప్రకటించింది. అన్నం ముట్టలేదు. చాయ్ మాత్రం తాగేది. చాయ్‌లో బిస్కెట్లు ముంచుకునేది.

"ఇదేంది అత్తమ్మా, ఉపాసముండి బిస్కెట్లా?"

"చాయ్‌ల కరిగినంక అది తాగుడే గని తినుడు గాదు" అని తీర్పు చెప్పింది.

మొదటి రోజు ప్రసంగీకుడు ఎంత అరిచాడంటే రేకులు గలగలలాడాయి. ఆయన హల్లెలూయ అంటే మా అత్త అంతకంటే గట్టిగా అనేది. ఆయనకు పంతం వచ్చింది. చూస్తుండగానే ఇద్దరి మధ్యా పోటీ అయింది. మా అత్తే గెలిచింది. ఉజ్జీవం మాత్రం రాలేదు. ఆ మర్నాటికి ఆయన గొంతు పోయింది.

గొంతు పోయాకే ఆయన మంచి మాట చెప్పాడు. రెండో రోజు సాయంత్రం, మైకును పెదవులకు ఆనించుకొని, గుసగుసగా అన్నాడు. "ఉజ్జీవం ఉరుములాగా పైనుంచి పడుతుందని చూస్తున్నారు. అది మీ పక్కింటి గుమ్మంలో మొదలవుతుంది. మాటలు మానేసిన మనిషిని అలాగే ఉంచి, దేవుడితో మాత్రం గంటలు గంటలు మాట్లాడితే ఎలా? ముందు వెళ్లి 'తప్పు నాది' అనండి. అది అనలేనివాళ్లు ఎంత అరిచినా వట్టి అరుపే."

మా అత్త నన్ను మోచేత్తో పొడిచింది. "ఇన్నవా? కమలకుమారి కోసమే చెప్తున్నడు."

ఇంటికొచ్చాక చాయ్ ఇచ్చాను. వద్దంది. బిస్కెట్లు చూపించాను. మొహం తిప్పుకుంది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఈమె ఉపవాసం ఇప్పుడే మొదలైంది.

మర్నాడు పొద్దున్నే సర్వపిండి చేసి, డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. "కమలకు ఇచ్చి రా. నేను పంపిన్నని చెప్పకు. చెప్పకుండ ఉండకు."

కమలకుమారిగారు డబ్బా అందుకొని, లోపలికి వెళ్లి, అదే డబ్బాలో సున్నుండలు పెట్టి తెచ్చింది. డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదు కదా.

"ఏమన్నది?" అంది మా అత్త గుమ్మంలోనే.

"ఏమనలే. సున్నుండలు వచ్చినై."

మా అత్త మామిడికాయ తొక్కు నింపింది. అక్కడినుంచి జంతికలు వచ్చాయి. మా అత్త సకినాలు నింపింది. అక్కడినుంచి అరటికాయ చిప్స్ వచ్చాయి. మాట మాత్రం ఒక్కటీ అటూ పోలేదు, ఇటూ రాలేదు. మధ్యలో ఆ ఎండకు నేను మాడి మసైపోయాను.

"అత్తమ్మా, మీ ఉజ్జీవం నాకు వడదెబ్బ తగిలిచ్చేటట్టున్నది. రెండు సందులు దాటితే ఇల్లు. నువ్వే పోయి ఒక్క మాట అనరాదూ?" అని డబ్బా కింద పెట్టేశాను.

ఆమె డబ్బా తీసి పక్కన పెట్టింది. "అందరి ముందట అన్న మాటనే జమునా. ఇంట్ల సందుల చెప్తే దొంగతనం లెక్కుంటది" అంది మెల్లగా.

మూడో రోజు సాయంత్రం షెడ్డు కిటకిటలాడింది. బయట వడగాడ్పు. లోపల ఆ ఒక్క ఫ్యాను. ప్రార్థించాలనుకునేవారు లేవండని ప్రసంగీకుడు గుసగుసలాడగానే మా అత్త లేచింది. అందరూ అలవాటుగా వాచీలు చూసుకున్నారు. ఆమె చేతులెత్తలేదు. జనాన్ని దాటుకుంటూ గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను స్విచ్ ఆపేసింది.

"అయ్యో! ఏందవ్వా!" అన్నారు నలుమూలల నుంచీ.

"సప్పుడు చెయ్యకుండ్రి" అంది మా అత్త. ఫ్యాను నెమ్మదించింది. ఎర్ర గీత విడిపోయి అక్షరాలయింది. మా అత్తకు అక్షరం ముక్క రాదు. "జమునా, లే. సదువు. జోరుగ."

నేను లేచి తల పైకెత్తి చదివాను. "శ్రీ సత్తిబాబు. శ్రీమతి కమలకుమారి. దంపతుల కానుక."

"మల్లొక్కసారి."

మళ్లీ చదివాను. మా అత్త గుమ్మం వైపు తిరిగింది. అంత పెద్ద గొంతు, ఆ రోజు వణికింది.

"కమలా, రెండేండ్ల సంది నీ గాలి కిందనే కూసున్న. గాలి తీసుకున్న, పేరును ఎక్కిరిచ్చిన. నాకు ఇయ్యనీకి ఏం లేకపాయె, ఇచ్చినదాన్ని సూస్తే ఓర్వలేకపోయిన. మా ఆయన దవాఖానల ఉన్నప్పుడు నీ చేతి బువ్వ తిన్న నోరే ఇది. గీ నోటితోనే నిన్ను అందరి ముందట తిట్టిన. అందరి ముందటనే చెప్తున్న. తప్పు నాది."

షెడ్డులో అందరికీ చెమటలు కారిపోతున్నాయి. నాకు కన్నీళ్లొచ్చాయి, చెమటలో కలిసిపోయాయి. కమలకుమారిగారు గుమ్మం పట్టుకొని లేచింది.

"వదినగారూ, ముందా ఫ్యానెయ్యండి. జనం చచ్చిపోతున్నారు."

"ఎయ్య. నువ్వచ్చి కింద కూసుంటనే ఏస్త."

"వస్తున్నానండీ బాబూ, వెయ్యండి!"

ఆమె వచ్చి మా అత్త చాప మీద కూర్చుంది. మా అత్త స్విచ్ వేసింది. ఫ్యాను తిరగలేదు. మళ్లీ ఆపి వేసింది. తిరగలేదు. కరెంటు పోయింది! బయటికి చూస్తే కరెంటు పుట్టించే రామగుండం ప్లాంటు పొగగొట్టాలు ఆకాశంలో దర్జాగా కనబడుతున్నాయి.

ముందు కమలకుమారి నవ్వింది. తర్వాత మా అత్త. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా చాప మీద దొర్లారు. మైకు కూడా పోవడంతో ప్రసంగీకుడు ఏమీ తోచక కూర్చున్నాడు. ఇంతలో సంఘ పెద్ద కొమురెల్లి లేచి, సైకిలు అడ్డం పెట్టాడన్న పంచాయితీతో మొహం చూడడం మానేసిన గట్టయ్య దగ్గరికి వెళ్లి, "కాకా, నాదే తప్పే" అన్నాడు. ఆ వెనక ఇంకెవరో లేచారు. ఒక అత్తా కోడళ్లు లేచారు. గాలి లేదు, మైకు లేదు, పాట లేదు. ఆ ఉడుకులో ఒక్కరు కూడా ఇంటికి పోలేదు. ఉజ్జీవం అంటే ఏమిటో ఆ రోజు నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ రాత్రి మా అత్త ఉపవాసం విడిచింది. డబ్బాలన్నీ ఖాళీ చేసింది.

జూన్‌లో కమలకుమారివాళ్లు వెళ్లిపోయారు. లారీ కదిలేదాకా ఇద్దరూ గడపలో కూర్చొని తలలు దువ్వుకున్నారు. సత్తిబాబుగారు ఎన్నిసార్లు తొందరపెట్టినా వినలేదు.

ఇప్పుడు ఆదివారం ఆరాధనకు ముందు మా అత్త ఫ్యాను ఆపిస్తుంది. ఎవరో ఒకరితో మూడు రెక్కలూ చదివిస్తుంది. తర్వాతే గాలి. ప్రార్థన కూడా చిన్నదైంది. "ప్రభువా, ఉజ్జీవం పంపు. ముందుగాల నాకు పంపు. మిగిలితే తక్కినోళ్లకు." పాస్టరయ్యకు దగ్గు పూర్తిగా తగ్గిపోయింది.

ఒకసారి ఇంటికొస్తూ ఆటపట్టించాను. "ఏందత్తమ్మా, నువ్వు ఫుల్లున్ననంటివి గదా?"

"ఉపేందర్ బత్తి ఒక్కపారి ఎక్కిస్తే ఎన్ని రోజులొస్తదే?"

"ఒక్క షిఫ్టుకు."

"మరి నేనేమన్న దానికంటే గొప్ప బత్తినా?" అంది మా అత్త. వెంటనే సెల్లు నా చేతికిచ్చి, కమలకు ఫోను కలుపమంది.